తిరగని పి.టి.ఓ.: చెల్క నేలల్లో దోష నిర్ధారణ

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట ప్రాంతాల్లో ఎర్ర చెల్క నేలలు విస్తారంగా ఉన్నాయి. ఇవి తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచవు. తొలకరి వానల తరువాత విత్తడానికి అనువైన పదును కొద్ది రోజులకే ఆరిపోతుంది. ఆ రోజుల్లోనే రోటవేటరు ఆగిపోతే కంది, ఆముదం, పత్తి విత్తడం మరో వానకు వాయిదా పడుతుంది. కనుక పి.టి.ఓ. తిరగకపోవడం సాగు శాస్త్రజ్ఞునికీ సంబంధించిన విషయమే. మెకానిక్కు వచ్చేలోపు దోషం ట్రాక్టరులో ఉన్నదా, పనిముట్టులో ఉన్నదా అని తేల్చగలిగితే సగం పని పూర్తయినట్లే.

ముందుగా ఇంజను ఆపి, తాళంచెవి తీసి, రోటవేటరును నేలపైకి దించి, కార్డాన్ షాఫ్టును పూర్తిగా విడదీయాలి. ఆపై ఇంజనును తక్కువ వేగంతో నడిపి, క్లచ్ నొక్కి పి.టి.ఓ. లివరు వేసి, ట్రాక్టరు వెనుకనున్న షాఫ్టును దూరం నుండి గమనించాలి. 540 ఆర్.పి.ఎం. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. దస్తీ గాని, పంచె అంచు గాని చిక్కుకుంటే చేయి వెనక్కి తీసుకొనే వ్యవధి ఉండదు.

షాఫ్టు తిరిగితే మొదట పనిముట్టు వైపు వెతకాలి. ఈ ప్రాంతపు రాళ్ళ నేలల్లో తరచుగా తెగేది షియర్ బోల్టు. అది తెగినప్పుడు కార్డాన్ షాఫ్టు తిరుగుతున్నా రోటవేటరు కత్తులు కదలవు. రాయి గాని, పత్తి మోడు గాని అడ్డుపడినప్పుడు తాను తెగి గేరుబాక్సును కాపాడడమే ఆ బోల్టు పని. మాటిమాటికీ తెగుతున్నదని విసిగి గట్టి బోల్టునో, ఇనుప కడ్డీ ముక్కనో బిగించడం పొలాల్లో కనిపించే అలవాటు. అప్పుడు తెగవలసిన చోట తెగక, దెబ్బ క్రాస్ జాయింటుకో, గేరు పళ్ళకో, చివరకు ట్రాక్టరు షాఫ్టుకో చేరుతుంది. కొద్ది నిమిషాల్లో సరయ్యే పని వారాల మరమ్మతుగా మారుతుంది. తయారీదారు సూచించిన కొలత, గ్రేడు గల బోల్టులు నాలుగైదు పనిముట్ల పెట్టెలో ఉంచుకొమ్మని రైతుకు చెప్పడం విస్తరణ సిబ్బంది చేయగల మేలైన సహాయం. బోల్టుకు బదులు స్లిప్ క్లచ్ ఉన్న రోటవేటర్లలో ఎండాకాలమంతా వాడకుండా ఉంచినందున పలకలు తుప్పుతో అతుక్కోవడం, లేదా స్ప్రింగులు వదులై జారడం చూడవచ్చు.

ట్రాక్టరు షాఫ్టే తిరగకపోతే లివరును పరిశీలించాలి. ఏ నిరోధమూ లేకుండా అది వదులుగా ఊగుతుంటే లింకేజి పిన్ను ఊడి ఉండవచ్చు. కొన్ని నమూనాల్లో లివరుకు గ్రౌండ్ స్పీడ్ స్థానం కూడా ఉంటుంది. అందులో ట్రాక్టరు కదిలితేనే షాఫ్టు తిరుగుతుంది. నిలిపి చూసినవారు దానిని దోషమని పొరబడతారు.

ఖాళీగా తిరిగి, భారం పడగానే ఆగిపోతే క్లచ్‌ను అనుమానించాలి. డ్యూయల్ క్లచ్ ట్రాక్టర్లలో పెడల్ సగం నొక్కితే ప్రయాణ గేర్లకు, పూర్తిగా నొక్కితే పి.టి.ఓ.కు శక్తి ఆగుతుంది. బండి బలంగా లాగుతూ పి.టి.ఓ. మాత్రమే జారుతుంటే దాని క్లచ్ పలక అరిగి ఉండవచ్చు, లేదా సర్దుబాటు తప్పి ఉండవచ్చు. పెడల్‌పై కాలు ఆనించి నడిపే అలవాటు ఈ అరుగుదలను త్వరితం చేస్తుంది. హైడ్రాలిక్ పంపుకు కూడా పి.టి.ఓ. మార్గం నుండే శక్తి అందే నమూనాల్లో రెండూ ఒకేసారి ఆగితే దోషం క్లచ్ వైపే ఉండే అవకాశం ఎక్కువ.

లోపలి షాఫ్టు, కప్లింగు విరగడం వంటివి పొలంలో విప్పదగినవి కావు. మెకానిక్కుకు ఫోను చేసేటప్పుడు ట్రాక్టరు నమూనా, విడదీసిన తరువాత షాఫ్టు తిరిగిందా లేదా, హైడ్రాలిక్ లిఫ్టు పనిచేస్తున్నదా, ఆగే ముందు శబ్దం గాని కాలిన వాసన గాని వచ్చిందా అన్నవి చెబితే అతడు తగిన విడిభాగాలతోనే బయలుదేరుతాడు.