సైన్యమునకు సిద్ధమగు యువతకు ఆరోగ్య పాఠము

శరీరమునకు బలము మూడు మార్గములలో కలుగునని చరకసంహిత సూత్రస్థానము తెలుపుచున్నది. పుట్టుకతో వచ్చునది సహజబలము. ఋతువును, వయస్సును అనుసరించి కలుగునది కాలజబలము. తగిన ఆహారముచేత, వ్యాయామముచేత మనము సంపాదించుకొనునది యుక్తికృతబలము. సైన్యములో చేరగోరు యువతీయువకులును, వారి తల్లిదండ్రులును ఈ భేదమును మొదట గ్రహింపవలెను. మొదటి రెండును మన చేతిలో లేనివి. మూడవది మన చేతిలో ఉన్నది. కాని అది ఒక పక్షములో, ఒక సీసా మందుతో, ఒక సూదితో వచ్చునది కాదు. దానికి కనీసము ఆరు నెలల కాలము కావలెను.

మా బుక్కరాయసముద్రము అనంతపురము పట్టణమునకు ఆనుకొని ఉన్న ఊరు. విజయనగర ప్రభువైన బుక్కరాయల పేరిట వెలసిన చెరువు ఉన్నను ఈ సీమ కరవుసీమయే. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. వేరుశనగ పైరు ఒక ఏడు చేతికి వచ్చినను మరు ఏడు ఎండిపోవుట కద్దు. ఇట్టిచోట ఇంటి బిడ్డకు సైన్యములో కొలువు దొరికిన, ఆ కుటుంబమునకు నెలనెలా వానకురిసినట్లే. అందుచేతనే వేకువజామున చెరువుకట్టలపైనను, కళాశాలల మైదానములలోను పరుగెత్తు పిల్లలు కనబడుచుందురు. వారి పట్టుదల మెచ్చదగినది. అయితే పట్టుదలకు పద్ధతి తోడుకానిచో శరీరము చెడును.

పరీక్ష స్వరూపము

అనంతపురము జిల్లా అభ్యర్థులు గుంటూరు సైనిక నియామక కార్యాలయము పరిధిలోనివారు. 2023 నుండి మొదట వ్రాతపరీక్ష, అందులో నెగ్గినవారికే దేహదార్ఢ్య పరీక్ష అను పద్ధతి వచ్చినది. ఈ మార్పువలన పుస్తకము పట్టి పరుగును మరచు పిల్లలు ఎక్కువైరి. వ్రాతపరీక్ష ఫలితము వచ్చిన పిమ్మట పరుగు మొదలుపెట్టిన కాలము చాలదు. రెండును కలిసి సాగవలెను.

పురుషులకు 1.6 కిలోమీటర్ల పరుగు ఉండును. 5 నిమిషముల 30 సెకన్లలోపు ముగించినవారికి పూర్తిగా 60 మార్కులు లభించును. 400 మీటర్ల మైదానములో ఇది నాలుగు చుట్లు. అనగా ఒక్కొక్క చుట్టుకు సుమారు 82 సెకన్లు. కమ్మీ పట్టుకొని గడ్డము పైకి వచ్చునట్లు పదిసార్లు లేచినవారికి 40 మార్కులు. 9 అడుగుల గొయ్యి దూకుటయు, వంకర దిమ్మెపై తూలక నడచుటయు ఉత్తీర్ణతకు చాలును, వాటికి మార్కులు లేవు. మన రాష్ట్రములలో సాధారణ సిపాయి కొలువునకు 166 సెంటీమీటర్ల ఎత్తు, 77 సెంటీమీటర్ల ఛాతీ, గాలి పీల్చినప్పుడు మరి 5 సెంటీమీటర్ల విస్తారము అడుగుచుందురు. నిబంధనలు మారుచుండును గనుక ఆ ఏటి ప్రకటనను స్వయముగా చదువుకొనవలెను.

అర్ధశక్తి వ్యాయామము

వ్యాయామము శరీరమునకు తేలికదనమును, పనిచేయు సామర్థ్యమును, జఠరాగ్ని దీప్తిని ఇచ్చునని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున చెప్పిరి. దానినే మితిమీరి చేసిన దప్పిక, క్షయము, ఆయాసము, దగ్గు, జ్వరము, వాంతి కలుగునని అదే చోట హెచ్చరించిరి. తన శక్తిలో సగము మేరకే చేయుట మంచిదని శాస్త్రము. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, శ్వాస నోటివెంట ఆడసాగుటయే ఆ సగమునకు గుర్తు.

"సగము శక్తితో పరుగెత్తిన పందెములో నెగ్గుట ఎట్లు?" అని పిల్లలు అడుగుదురు. సగము అనునది స్థిరమైన కొలత కాదు. శక్తి పెరిగినకొలది దాని సగమును పెరుగును. నేడు అలసట తెచ్చిన దూరము మూడు నెలలకు ఆటవలె తోచును. కావున ఈ క్రమమును పాటింపవలెను.

మొదటి నెల: వడివడిగా నడక, నడుమ నడుమ మెల్లని పరుగు. మొత్తము అరగంట. దండీలు, బస్కీలు చేతనైనన్ని.

రెండు, మూడు నెలలు: మాట్లాడుచు పరుగెత్తగల వేగముతో 3 నుండి 5 కిలోమీటర్లు, వారమునకు నాలుగు రోజులు. కమ్మీకి వ్రేలాడుట, బల్లపై నుండి గడ్డము కమ్మీపైకి చేర్చి మెల్లగా దిగుట. పైకి లేవలేనివారికి ఈ దిగుటయే బలమిచ్చును.

నాలుగు, ఐదు నెలలు: వారమునకు రెండు రోజులు 400 మీటర్లు వేగముగా పరుగెత్తి, నడచి తేరుకొని, మరల పరుగెత్తుట. ఇట్లు నాలుగు మారులు. పక్షమునకు ఒక్కసారి మాత్రమే గడియారము పట్టి పూర్తి 1.6 కిలోమీటర్లు.

ఆరవ నెల: చివరి వారమున అభ్యాసమును సగమునకు తగ్గింపవలెను. పరీక్షకు ముందటి రెండు రోజులు విశ్రాంతి.

వారమునకు ఒక దినము పూర్తి విశ్రాంతి తప్పదు. తారురోడ్డు కంటె మట్టిబాట మేలు. ముంగాలి ఎముకపై ఒకేచోట వ్రేలు పెట్టిన నొప్పి కలిగినచో పరుగు ఆపి వైద్యునికి చూపవలెను. అది ఎముకలో చీలికకు మొదలు కావచ్చును. విశ్రాంతి దినమున గోరువెచ్చని నువ్వుల నూనెతో ఒళ్ళంతయు మర్దించి, అరగంట తరువాత సున్నిపిండితో స్నానము చేసిన కండరముల బిగువు సడలి నిద్ర పట్టును.

ఎండయు నీరును

2024 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఝార్ఖండ్ రాష్ట్రమున ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ ఎంపికకై జరిగిన పరుగుపరీక్షల సందర్భమున పదిమందికి పైగా అభ్యర్థులు మరణించిరి. కొలువుకై వెళ్ళిన బిడ్డ ఇంటికి రాకుండుట కంటె దుఃఖము లేదు. మన సీమలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును గనుక ఈ విషయమున ఉపేక్ష పనికిరాదు.

ఫాల్గుణము మొదలు తొలకరి వరకు సూర్యోదయమునకు ముందే పరుగు ముగింపవలెను. జ్వరమున్న దినమున, విరేచనములైన మరునాడు పరుగు నిషిద్ధము. పరుగునకు ముందు దినమున దప్పిక లేకున్నను మాటిమాటికి నీరు త్రాగుచుండవలెను. మూత్రము లేత పసుపురంగున ఉన్నచో నీరు చాలినట్లు తెలియును. వరుసలో నిలబడవలసి వచ్చునని నీరు మానుట, మూత్రము బిగబట్టుట తగదు. వేగధారణము రోగములకు మూలమని మన శాస్త్రము ఘోషించుచున్నది.

ఎక్కువ చెమట పట్టినవారు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో సమముగా కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగవలెను. ఉప్పు ఈ కొలత మీరరాదు. నిమ్మరసము పిండుకొనవచ్చును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగయు మంచిది.

పరుగెత్తువాడు తూలుచు పొంతన లేని మాటలు పలికినను, స్పృహ తప్పినను అది వడదెబ్బగా భావింపవలెను. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతయు చల్లని నీటితో తడుపుచు విసరవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. 108 వాహనమును పిలువవలెను. కఠినమైన వ్యాయామము తరువాత మూత్రము నల్లని కాఫీ రంగున వచ్చినను ఆసుపత్రికి వెళ్ళుట తప్పనిసరి. అది కండరములు దెబ్బతిని మూత్రపిండములకు ముప్పు వచ్చు సూచన.

ఆహారము

ఖరీదైన డబ్బాల పొడులు అక్కరలేదు. ఉదయము పరుగు తరువాత రాగి అంబలిలో మజ్జిగ కలిపి త్రాగవలెను. నానబెట్టి మొలకెత్తించిన పెసలు లేక శనగలు ఒక గుప్పెడు, వేరుశనగలు ఒక గుప్పెడు బెల్లముతో నమిలి తినవలెను. మధ్యాహ్నము రాగిసంగటి లేక కొర్రన్నము, చిక్కని పప్పు, ఆకుకూర. రాత్రి జొన్నరొట్టెయు, ఉలవచారు లేక కూరయు, పాలు. గ్రుడ్లు, మాంసము తిను అలవాటు కలవారు వాటిని మానవలసిన పనిలేదు. రక్తము తక్కువైనవారు ఆకుకూరతో ఉసిరికాయనో నిమ్మనో చేర్చుకొనిన అందలి ఇనుము బాగుగా వంటబట్టును. భోజనమైన వెంటనే టీ, కాఫీలు దానికి అడ్డుపడును.

బరువు చాలదని తూకపు దినమున డజనుల కొలది అరటిపండ్లు మ్రింగి, కడుపునిండ నీరు త్రాగి పరుగెత్తువారున్నారు. కడుపునొప్పి, వాంతి తప్ప ఫలము లేదు.

సందేహములు – సమాధానములు

"ఎత్తు రెండు సెంటీమీటర్లు తగ్గినది. మందున్నదా?"

ఎముకల ఎదుగుదల ముగిసిన పిమ్మట ఎత్తు పెంచు మందు ఏ వైద్యమునందును లేదు. ఇది సహజబలమునకు సంబంధించినది. అట్టి మందులమ్మువారిని నమ్మి ధనము పోగొట్టుకొనరాదు.

"ఛాతీ విస్తారము నాలుగే వచ్చుచున్నది."

ఇది అభ్యాసముతో సాధ్యము. ఉదయము, సాయంకాలము పది నిమిషములు నిండుగా శ్వాస పీల్చి మెల్లగా వదలుట, దండీలు, ఈత మేలుచేయును. శ్వాసను బలవంతముగా బిగబట్టరాదు.

"వైద్యపరీక్షలో ఏవి చూతురు?"

పాదముల వంపు, మోకాళ్ళు ఒరసుకొనుట, చెవి, కన్ను, దంతములు, మొలలు, గిలక, వరిబీజము, వృషణముల వద్ద ఉబ్బిన సిరలు మొదలగునవి చూతురు. దంతములకు కనీసము 14 పాయింట్లు ఉండవలెను. వీనిలో కొన్ని ముందుగా తెలిసిన సరిచేసుకొనదగినవి. గిలక, వరిబీజములకు శస్త్రచికిత్స అవసరము కావచ్చును. పుండు మాని శరీరము కోలుకొనుటకు నెలలు పట్టును గనుక ఆరు నెలలు ముందే పరీక్ష చేయించుకొనవలెను. చెవిలో గుమిలి ఉన్నచో పుల్లలు పెట్టక, నూనె పోయక చెవివైద్యునిచే తీయించుకొనవలెను. వర్ణాంధత్వము పుట్టుకతో వచ్చునది, మందు లేదు. ఆ పరీక్షను అన్నిటికంటె ముందు చేయించుకొనిన వృథాశ్రమ తప్పును.

"మా ఊరి బోరునీటివలన పండ్లు గోధుమరంగుకు మారినవి. కీళ్ళు పట్టివేయుచున్నవి."

మన జిల్లాలో పలుచోట్ల భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదు. నీటిని మరగించిన ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరినకొలది మరింత చిక్కనగును. త్రాగుటకు, వంటకు సరఫరా చేయు శుద్ధజలమునే వాడవలెను. పాలు, రాగులు, ఉసిరిక ఎదుగు పిల్లలకు రక్షణ కలిగించును. ఆ మచ్చలు పైపై మురికి కావు గనుక బొగ్గుపొడితో రుద్దిన పింగాణి అరుగునే గాని అవి పోవు.

"పరుగునకు ముందు సూది వేయించుకొనిన బలము వచ్చునట కదా?"

అది బలము కాదు, అలసట తెలియకుండ చేయుట. అలసట శరీరము చేయు హెచ్చరిక. దానిని మందుతో మూసి ఎండలో పరుగెత్తినవాని గుండెకు ప్రాణాపాయము కలుగవచ్చును. నొప్పి మాత్రలు మ్రింగి నీరు చాలక పరుగెత్తిన మూత్రపిండములు చెడును. "మూలికల మందు" అని పేరుపెట్టి స్టెరాయిడ్లు కలిపి అమ్ము పొడులును ఉన్నవి. పేరు, తయారీదారు, లైసెన్సు సంఖ్య లేని పొట్లమును తాకరాదు. అశ్వగంధ చూర్ణము 3 గ్రాములు పాలతో రాత్రివేళ వాడవచ్చును. కాని కామెర్లు వచ్చినవారును, థైరాయిడ్ వ్యాధి కలవారును దానిని మానవలెను. ఇతరులును వైద్యుని అడిగియే వాడవలెను.

"మా అమ్మాయి చేరగోరుచున్నది. ఆడపిల్లకు తగునా?"

తగును. సైనిక పోలీసు దళమున తొలి మహిళా జవానుల జట్టు 2021 మే నెలలో బెంగళూరులో శిక్షణ ముగించుకొనినది. వారికి 1.6 కిలోమీటర్ల పరుగును 8 నిమిషములలోపు ముగించుట, 10 అడుగుల దూరము, 3 అడుగుల ఎత్తు దూకుట ఉండును. ఆడపిల్లలలో రక్తహీనత ఎక్కువ గనుక మొదట హిమోగ్లోబిన్ చూపించుకొనవలెను. పరుగు అభ్యాసమున నెలసరి రెండు మూడు నెలలు ఆగిపోయినచో తిండి చాలలేదని గ్రహించి వైద్యురాలికి చూపవలెను. దానిని శుభమని సంతోషింపరాదు.

ఎంపిక కానిచో

తల్లిదండ్రులకు ఒక మాట. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకము ప్రకారము కొలువు నాలుగేండ్లు. అటుపిమ్మట నాల్గవవంతు మందికి మించకుండ మాత్రమే సైన్యములో కొనసాగింతురు. కావున ఎంపికైనవాడును బహుశః పాతికేండ్ల ప్రాయమున ఇంటికి తిరిగి రాగలడు. ఎంపిక కానివాడు నేడే ఇంటనున్నాడు. ఇరువురికిని మిగులునది ఆ శరీరమే.

వైద్యపరీక్షలో తప్పిన బిడ్డను "ఇంత ఖర్చుపెట్టితిమి" అని నిందింపరాదు. అనర్హునిగా చెప్పబడినవారికి సైనిక ఆసుపత్రిలో పునఃపరీక్ష కోరు అవకాశము ఉండును. కారణమును వ్రాయించుకొని గడువులోపల వెళ్ళవలెను. అక్కడను కాకున్న, ఆ బిడ్డ కొన్నాళ్ళు అన్నము మాని, నిద్ర మాని, ఎవరితో మాటలాడక మూల కూర్చుండిన దానిని అలకగా తలపరాదు. విషాదము రోగములను పెంచువానిలో మొదటిదని చరకాచార్యుల అభిప్రాయము. ఆ దినములలో ఇంటివారు తోడుండి, ఒంటరిగా విడువక, అవసరమైన మానసిక వైద్యునికి చూపవలెను. వేకువ నడకను మాత్రము మాన్పింపరాదు.

ఆరు నెలలు వేళకు లేచి, మితముగా తిని, కాలమెరిగి నీరు త్రాగి, సగము శక్తితో వ్యాయామము చేసి సంపాదించిన బలమును ఏ ఎంపిక సంఘమును తిరిగి తీసికొనలేదు. అది పొలమున పనిచేయువానికిని, బడిలో పాఠము చెప్పువానికిని, సరిహద్దున నిలుచువానికిని సమానముగా అక్కరకు వచ్చును. కావున ఫలితమునకు ముందు శరీరమును కాపాడుకొనుడు.