నోటిలోని ఎముక బుడిపెలు

పంటినొప్పితో దంతవైద్యుని యొద్దకు వెళ్ళిన వారిలో కొందరికి అంగిటి నడుమ రాయివలె గట్టిగానున్న బుడిపె కనబడుచుండును. ఎన్నడును నొప్పి లేనందున అది యున్నట్లు వారెరుగరు. నాలుకకు తగిలిన నాటి నుండి మాత్రము క్యాన్సరేమో యను దిగులు పట్టుకొనును. అట్టివారికి ధైర్యము చెప్పుటయే గాక, దేనికి భయపడవలెనో తెలుపుట మా ఉద్దేశము.

ఇవి యెట్టివి?

ఈ బుడిపెను వైద్యులు 'టోరస్' అందురు. ఇది దవడ ఎముకయే కొంత పెరుగుట. పై దవడలో అంగిటి నడిమి గీతపైన, క్రింది దవడలో నాలుకవైపున, కోరపండ్లకు వెనుకగా ఇది పుట్టును. క్రింది దవడలో తరచు రెండు వైపులను ఉండును. వయసు వచ్చిన పిదప మిక్కిలి మెల్లగా పెరుగును. వంశపారంపర్యము, పండ్లపై పడు నమలుడు ఒత్తిడి దీనికి కారణములని వైద్యుల అభిప్రాయము. ఇది క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారదు.

చికిత్స

సాధారణముగా చికిత్స అక్కరలేదు. బుడిపెపై చర్మము పలుచన గనుక గట్టి రొట్టె, వేయించిన వేరుసెనగ పప్పు ఒరసికొని పుండు పడవచ్చును. ఉప్పునీటితో పుక్కిలించుచు నోటిని శుభ్రముగా ఉంచుకొనవలెను. కట్టుడు పండ్లు అమరుటకు అడ్డు వచ్చినప్పుడు మాత్రము మత్తుసూది వేసి వైద్యులు దానిని తొలగింతురు. నాటువైద్యులచే కోయించుట, కారపు మందులు పూయించుట ఎంతమాత్రము తగదు.

నీటి దోషమా?

అనంతపురము జిల్లాలో ఈ సందేహము సహజము. ఇచ్చట పెక్కు బోరుబావుల నీటిలో ఫ్లోరైడు అధికము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. బాల్యములో అట్టి నీరు త్రాగినచో పండ్లపై గోధుమరంగు చారలు ఏర్పడును. ఏండ్ల తరబడి త్రాగినచో వెన్నెముక, కీళ్ళు బిగిసిపోవును. నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గూర్చి వైద్యులు 1937లోనే ప్రకటించిరి. అయితే పంటి చార వేరు, అంగిటి బుడిపె వేరు. బుడిపెను చూచి నీటి మంచిచెడ్డలు నిర్ణయింపరాదు. నీటిని పరీక్ష చేయించియే తెలిసికొనవలెను.

ఎప్పుడు తడయరాదు?

రెండు వారములకును మానని పుండు, త్వరగా పెరుగు గడ్డ, రక్తము కారుట, తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు తెరువలేకపోవుట, మెడలో గడ్డ: వీనిలో ఏ ఒక్కటి యున్నను వెంటనే వైద్యునికి చూపవలెను. పొగాకు, గుట్కా, వక్క నమలువారు మరింత జాగరూకులై యుండవలెను. ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటి క్యాన్సరు వచ్చుట వైద్యులెరిగినదే.

గట్టిగా, నునుపుగా, నొప్పి లేక, ఏండ్ల తరబడి మార్పులేక యుండు బుడిపెకు సాధారణముగా భయపడ నక్కరలేదు. అయినను అది యేదో తేల్చవలసినది వైద్యుడే గాని మనము గాదు. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, కడపలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో గాని ఒక్కసారి చూపించుకొనుడు. దిగులుతో గడపు నెలలకంటె ఒక్క పూట ప్రయాణము మేలు.