పండుగ కార్డులు పది కాలాలు నిలవాలంటే

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. మీరు స్వయంగా బొమ్మలు వేసి చేసిన గ్రీటింగు కార్డులను స్నేహితులకూ, మాస్టార్లకూ ఇచ్చే ఉంటారు. అమ్మానాన్నల పెట్టెలో పాత కార్డులు కూడా ఉండవచ్చు. 1980లలో జనవరి వచ్చిందంటే మా రాజమహేంద్రవరంలో పోస్టుమేను సంచి నిండా ఇవే. ఇప్పుడు శుభాకాంక్షలు సెల్‌ఫోనులో వచ్చి సెల్‌ఫోనులోనే పోతున్నాయి. మరి మిగిలిన కార్డులను దాచడం ఎలా? ఇదేమంత పని అనుకోకండి. సైన్సు చదివి కూడా నేను తప్పు చేశాను.

మా మేనమామ ఉద్యోగరీత్యా దూరాన ఉండేవారు. ఏటా పండక్కి మెరిసే కార్డు ఒకటి పంపేవారు. లోపల సిరా కలంతో నాలుగు పంక్తులు. పన్నెండు కార్డులు పోగయ్యాక, ఒక వానాకాలంలో, వాటికి రబ్బరు బ్యాండు వేసి, పాలిథిన్ సంచిలో పెట్టి, మూతి బిగించి అటక ఎక్కించాను. కొన్నేళ్లకు ఆయన పోయారు. ఆ చేతిరాత చూడాలనిపించి సంచి విప్పితే పన్నెండు కార్డులూ కలిసి ఒక ఇటుక!

ఏం జరిగిందో చూద్దాం. కాగితమంటే సెల్యులోజ్ పోగుల అల్లిక. మా ఊరి కాగితం మిల్లులో సరుగుడు, సుబాబుల్ వంటి కర్రను ముక్కలు చేసి, రసాయనాలతో ఉడికించి ఈ పోగులను వేరుచేస్తారు. కర్రలో పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అప్పుడు చాలావరకు పోతుంది. గ్రీటింగు కార్డుల మెరుపు మాత్రం కాగితానిది కాదు. సుద్ద, తెల్లమట్టి వంటి ఖనిజాల మెత్తటి పొడిని జిగురులో కలిపి పైన పూత పూస్తారు. తేమ తగిలితే ఈ జిగురు మెత్తబడుతుంది. ఒకదానిమీద ఒకటి నొక్కుకుని ఉండగా ఆరితే పక్క కార్డును పట్టుకుంటుంది. ఇక విడదీయబోతే బొమ్మే ఊడి వస్తుంది.

మూతి కట్టిన సంచిలోకి తేమ ఎలా వచ్చిందని మీరు అడగాలి. అది కొత్తగా రాలేదు, నేనే లోపల పెట్టి కట్టాను! కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గోదావరి ఒడ్డున వానాకాలపు ఉదయాల్లో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం దాటడం మామూలే. పగలు అటక వేడెక్కినప్పుడు కార్డుల్లోని తేమ ఆవిరై సంచిలోకి వస్తుంది. రాత్రి చల్లబడ్డాక, చల్లని గ్లాసు మీద పట్టినట్లు, సంచి లోపలివైపు నీటి బిందువులు పట్టి మళ్లీ కార్డుల మీదికే చేరతాయి. రోజూ ఇదే తంతు. ఆర్ద్రత 70 శాతం దాటి కొన్నాళ్లు నిలిచిందంటే బూజు కూడా మొలుస్తుంది.

మా ఊరి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలున్నాయి. మన పూర్వులు అటువంటి గ్రంథాలను చెక్క పలకల మధ్య పెట్టి గుడ్డలో చుట్టేవారు. గుడ్డ దుమ్మును ఆపుతుంది, గాలిని ఆపదు. ఈ సంగతి నాకు ఇటుకను చూశాకగానీ తట్టలేదు.

కాబట్టి పొడిగా ఉన్న రోజు చూసి కార్డులను ఒక పూట నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, రంగులు వెలుస్తాయి. గుండుసూదులు తీసేయండి, తుప్పు పడతాయి. రబ్బరు బ్యాండు కొన్నాళ్లకు జిగటగా మారి అంటుకుంటుంది. నూలు దారమో, నాడానో మేలు. పాట పాడే కార్డుంటే దానిలోని చిన్న బ్యాటరీని పెద్దలచేత తీయించండి, అది కారితే అట్ట పాడవుతుంది. ప్రతి కార్డు వెనుక మెత్తని పెన్సిలుతో పంపినవారి పేరు, సంవత్సరం రాయండి. కవర్లు పారేయకండి. వాటి మీది పోస్టు ముద్రలో ఊరూ తేదీ రెండూ ఉంటాయి.

కార్డుల మధ్య తెల్లకాగితం పెట్టండి. వార్తాపత్రిక పెట్టకూడదు. ఎందుకో ఈ ప్రయోగం చేసి తెలుసుకోండి. వార్తాపత్రిక ముక్కలో సగాన్ని అట్టతో కప్పి వారం రోజులు ఎండలో ఉంచండి. కప్పని సగం పచ్చబడుతుంది. ఆ కాగితానికి ఎక్కువగా కర్రను నూరిన గుజ్జే వాడతారు కనుక లిగ్నిన్ అందులోనే ఉండిపోతుంది. వెలుతురు, ఆక్సిజన్ తగిలి అది రంగు మారుతుంది, ఆమ్లాలు కూడా పుడతాయి. అవి పక్కనున్న కార్డుకూ పాకుతాయి.

పెట్టడానికి చెప్పులు కొన్న అట్టపెట్టె చాలు. అయితే అటక వద్దు. వేడి పెరిగేకొద్దీ కాగితాన్ని చెడగొట్టే రసాయన చర్యల వేగమూ పెరుగుతుంది. గోడకు ఆనని బీరువాలో మధ్య అర మంచిది. మైదా జిగురుతో మీరు చేసిన కార్డులను వేరే పెట్టెలో ఉంచండి. పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగుకు ఆ పిండి మహా ఇష్టం. వేపాకు వేస్తే బాగా ఎండినదే వేయండి. పచ్చి ఆకు తన తేమను కూడా తెస్తుంది.

ఎంత జాగ్రత్తపడినా కార్డులు తడవవచ్చు. అప్పుడు కట్టగా ఆరనివ్వకండి. తడిగా ఉండగానే మెల్లగా విడదీసి, పొడి గుడ్డ మీద విడివిడిగా పరిచి ఫ్యాను గాలికి ఉంచండి. రెండు రోజులు ఆలస్యమైతే బూజు మొదలవుతుంది.

నా ఇటుకను నానబెట్టి చూశాను. మధ్యలోవి రాలేదు. సిరా నీటిలో కరిగేది కనుక రాత నీలిమరకగా మిగిలింది. అన్నిటికన్నా పైనున్న కార్డు మాత్రం సులువుగా విడివడింది. అది పూతలేని మామూలు అట్ట. ఆ ఏడు కలంలో సిరా అయిపోయిందేమో, మామయ్య బాల్‌పెన్నుతో రాశారు. దాని సిరా నూనె వంటి ద్రవంలో కలిపినది, నీటికి సులభంగా చెదరదు. నాలుగు పంక్తులూ చదవగలిగాను.