ఫైరింజన్ వచ్చేలోగా

వరి కోతలు అయ్యాక మన పల్లెల్లో రైతుల ఇళ్ల దగ్గర గడ్డివాములు లేస్తాయి. ఎండాకాలమంతా పశువులకు అదే మేత. వాముకు దగ్గరలోనే పశువుల కొట్టం, దాని పక్కన తాటాకు పందిరి, ఆ పక్కన ఇల్లు. ఒక్క నిప్పురవ్వ పడిందంటే చాలు, ఏడాది మేతతో పాటు కట్టేసిన ఎడ్లు, ఇంట్లో దాచిన విత్తనాలు, మనుషుల ప్రాణాలు కూడా ప్రమాదంలో పడతాయి.

అప్పుడు ఏం చేస్తాం? 101కి గాని, 112కి గాని ఫోన్ చేస్తాం. తప్పకుండా చేయాలి. అయితే ఫైరింజన్లు ఎక్కువగా ఉండేది పట్టణాలలో. స్టేషను 25 కిలోమీటర్ల దూరంలో ఉందనీ, ఇంజను గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తుందనీ అనుకుందాం. ఎంతసేపు పడుతుంది? అరగంట. దంతాలపల్లి అయినా, మరో పల్లె అయినా లెక్క ఇంతే. ఆ అరగంటలో మంటను ఎదుర్కోవలసినవారు ఊరివారే. వారు ఏం చేయగలరు? ఎలా చేయాలి? దీనికి విజ్ఞాన శాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం.

పొయ్యికి మూడు రాళ్లు

పొయ్యికి మూడు రాళ్లు కావాలి. ఒక్క రాయి తీసేస్తే కుండ నిలవదు. మంట కూడా అంతే. దానికి మూడు కావాలి: మండే పదార్థం, ఆక్సిజన్, పదార్థం అంటుకోవడానికి చాలినంత వేడి. ఈ వేడినే జ్వలన ఉష్ణోగ్రత అంటారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పించినా మంట ఆరిపోతుంది.

బట్టలకు నిప్పు అంటుకున్నప్పుడు పరుగెత్తవద్దనీ, నేలమీద పడుకొని దొర్లమనీ, గొంగడి కప్పమనీ పెద్దలు చెబుతారు. ఎందుకు? ఆక్సిజన్ అందకుండా చేయడానికి. నీళ్లు ఎందుకు పోస్తాం? వేడిని లాగివేయడానికి. మంటకు దగ్గరగా ఉన్న గడ్డిని దూరంగా లాగేస్తే మండే పదార్థాన్ని తప్పించినట్టు.

ఒక బకెట్టు లెక్క

ఒక కిలో నీరు 30 డిగ్రీల సెంటీగ్రేడు నుంచి 100 డిగ్రీలకు చేరడానికి 70 కిలో కెలోరీల వేడిని తీసుకుంటుంది. అదే నీరు ఆవిరిగా మారడానికి ఇంకా 540 కిలో కెలోరీలు తీసుకుంటుంది. దీనినే బాష్పీభవన గుప్తోష్ణం అని మీరు పాఠంలో చదివారు. మొత్తం 610. అంటే 10 లీటర్ల బకెట్టు నీళ్లు పూర్తిగా ఆవిరైతే 6,100 కిలో కెలోరీల వేడిని లాగుతాయి.

ఇక రెండో వైపు చూడండి. ఒక కిలో ఎండుగడ్డి కాలితే సుమారు 3,500 కిలో కెలోరీల వేడి వస్తుంది. అంటే మన బకెట్టు రెండు కిలోల గడ్డి వేడికి కూడా చాలదు! ఒక టన్ను గడ్డివాము పూర్తిగా కాలితే వచ్చే వేడికి 570 బకెట్లకు పైగా కావాలి. మంట ఆరడానికి ఆ వేడినంతా లాగవలసిన పని లేదన్నది నిజమే. కాని పోసిన నీళ్లలో చాలా భాగం ఆవిరి కాకుండానే నేలపాలవుతుంది. కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్క.

ఇప్పుడు మంట నిమిష నిమిషానికీ రెట్టింపు అవుతుందనుకుందాం. మొదట మండుతున్నది ఒక కిలో గడ్డి. తర్వాత 2, 4, 8, 16... పది నిమిషాలకు ఎంత? 1,024 కిలోలు. అంటే ఒక టన్ను! మొదటి నిమిషంలో రెండు బకెట్లతో అయ్యే పని పదో నిమిషానికి వందల బకెట్లతోనూ కాదు.

ఈ లెక్కలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, మంట చిన్నదిగా ఉన్నప్పుడే నీళ్లతో ఆర్పాలి. రెండు, అది చేయి దాటిందంటే మండే వామును వదిలేసి, నీళ్లను పక్క ఇంటి కప్పు మీద పోయాలి, లేదా మధ్యనున్న పందిరిని పీకివేయాలి. 1666 సెప్టెంబరులో లండన్‌లో మంటలు లేచినప్పుడు, మధ్యనున్న ఇళ్లను పడగొట్టించడానికి ఆ నగర మేయరు మొదట వెనకాడాడు. నాలుగు రోజులకు పైగా సాగిన ఆ అగ్నికి 13 వేలకు పైగా ఇళ్లు ఆహుతి అయ్యాయి.

ఇరుగుపొరుగు దళాలు

ఇరుగుపొరుగువారే దళంగా ఏర్పడడం కొత్త ఆలోచన కాదు. జపాన్‌లో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, 1720 ప్రాంతంలో పేటలవారీగా దళాలు ఏర్పడ్డాయి. అక్కడి ఇళ్లు కొయ్యతో కట్టినవి. అందుకే ఆ దళాల ముఖ్యమైన పని నీళ్లు పోయడం కన్నా, మంటకు ఎదురుగా ఉన్న ఇళ్లను కొక్కేలతో లాగి పడగొట్టడం.

గాలిపటంతో మెరుపులను పరిశీలించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ మీకు తెలుసు కదా? ఆయనే 1736లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక స్వచ్ఛంద అగ్నిమాపక సంఘాన్ని స్థాపించాడు. అందులో జీతగాళ్లు లేరు. ప్రతి సభ్యుడూ తోలు బకెట్లను, సామాను బయటికి చేర్చడానికి గట్టి సంచులను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. నెలకు ఒకసారి అందరూ కలిసి మాట్లాడుకోవాలి. రానివారు జరిమానా కట్టాలి. ఆ జరిమానా డబ్బుతోనే నిచ్చెనలు, కొక్కేలు, నీటి పంపులు కొనుక్కున్నారు! దళంలో ముప్పై మంది చేరాక, ఇంకా చేరాలని వచ్చినవారికి వేరే దళం పెట్టుకోమని చెప్పేవారు. అలా ఊరంతా దళాలు ఏర్పడ్డాయి.

చిలీ దేశంలో నేటికీ మంటలార్పేవారు జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులే. జర్మనీ పల్లెల్లో కూడా ఈ పని చాలావరకు ఊరివారిదే.

మన దగ్గర

మన ప్రాంతంలో దీనికి దగ్గరగా ఉన్నవి వన సంరక్షణ సమితులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఈ పథకం మొదలైంది. అడవి అంచున ఉన్న గ్రామస్థులే సమితిగా ఏర్పడి అడవిని కాపాడతారు. భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు అడవులలో ఎండాకాలం వచ్చేసరికి రాలిన ఆకు నేలంతా పరచుకొని ఉంటుంది. విప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన నిప్పు, ఆర్పకుండా పారేసిన బీడీ చాలు, అడవి అంటుకోవడానికి. అందుకే ముందుగానే ఆకును ఊడ్చి వెడల్పైన బాటలు తీస్తారు. వాటిని ఫైర్ లైన్లు అంటారు. మంట అక్కడికి వచ్చేసరికి తినడానికి ఏమీ ఉండదు! చిన్న మంటలను పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పుతారు. 2004 నుంచి ఉపగ్రహాలు పంపే సమాచారంతో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అడవిలో ఎక్కడ నిప్పు పుట్టిందో కనిపెట్టి హెచ్చరిస్తున్నది. అయినా కొమ్మ పట్టుకొని మంట దగ్గరికి వెళ్లవలసినవాడు మనిషే.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పబోయి అగ్నిమాపక సిబ్బంది అనేకులు ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతిగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. ఊరి దళం గురించి పెద్దలతో మాట్లాడడానికి అది మంచి సమయం.

ఊరి దళానికి ఏమేమి కావాలి? ఇరవై మంది పెద్దలు, బకెట్లు, పొడవాటి కర్రలకు బిగించిన ఇనుప కొక్కేలు, రెండు నిచ్చెనలు, అందరినీ పిలవడానికి డప్పు లేదా మైకు. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణ పంచాయతీలు ట్రాక్టర్లు, నీటి ట్యాంకర్లు సమకూర్చుకున్నాయి. సాయంత్రం ట్యాంకరు నింపి ఉంచితే రాత్రి అది ఊరికి కాపలా. కరెంటు మంట మీద నీళ్లు పోయరాదు. ముందు సరఫరా ఆపించాలి. మరుగుతున్న నూనె మంట మీదా నీళ్లు పోయరాదు. మూత పెట్టాలి.

మీరు మాత్రం మంట దగ్గరికి పోవద్దు. పెద్దలను పిలవడం, ఫోన్ చేయడం, ఫైరింజనుకు దారి చూపడం మీ పని. అది చిన్న పని కాదు.

చేసి చూడండి

బడి ఆవరణలో నీళ్ల తొట్టి నుంచి 30 మీటర్ల దూరంలో ఒక ఖాళీ డ్రమ్ము పెట్టండి. మొదట ఇరవై మంది ఎవరి బకెట్టు వారు మోసుకుపోయి పోయండి. రెండోసారి వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చండి. ఖాళీ బకెట్లు తిరిగి రావడానికి వరుసలో కొందరిని పక్కకు నిలబెట్టండి. అయిదేసి నిమిషాలలో ఎన్ని లీటర్లు చేరాయి? దారిలో ఎంత ఒలికింది? ఎప్పుడు ఎక్కువ అలసిపోయారు? నీళ్లు వృథా చేయకుండా డ్రమ్ములోని నీళ్లను చెట్లకు పోయండి.

ఆలోచించండి

1. గడ్డివామును ఇంటికి ఏ వైపున, ఎంత దూరంలో వేస్తే మంచిది? మీ ఊరిలో ఎండాకాలం గాలి ఏ వైపు నుంచి వీస్తుంది?

2. కోత అయ్యాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టిన పొలం పక్కన తాటిచెట్లు ఉంటే ఏమవుతుంది?

3. మీ ఇంటికి అగ్నిమాపక కేంద్రం ఎంత దూరం? ఇంజను రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? లెక్క కట్టి, ఈ రాత్రి భోజనాల వేళ మీ నాయనకు, అమ్మకు చెప్పండి.