పాల జీపు డీజిలు ఎక్కువ తాగుచున్నదా?

సభ్యులారా! జీపు డీజిలు ఖర్చు పెరిగితే ఆ భారం మన పాల డబ్బుపైనే పడును. అయినను డ్రైవరును అనుమానించుటకు ముందు లెక్క సరిచూడవలెను.

కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడి దారులకని పెద్ద టైర్లు వేయించితిరా? టైరు చుట్టుకొలత పదోవంతు పెరిగినచో, బండి 110 కిలోమీటర్లు నడిచినా మీటరు 100 మాత్రమే చూపును. కనుక ట్యాంకు నిండా పట్టించి, రోడ్డుపక్క కిలోమీటరు రాళ్ల లెక్కన నడిపి, తిరిగి నింపి చూడుడు.

రాళ్ల లెక్కన కూడా నెలనెలా మైలేజి తగ్గుచున్నచో లోపం బండిలోనే ఉన్నది. నల్లపొగ వచ్చినచో ముందు ఎయిర్ ఫిల్టరులో దుమ్ము, తర్వాత నాజిళ్లు చూపించవలెను. ఒక చక్రం మిగతావాటికన్న వేడెక్కినచో బ్రేకు పట్టుచున్నదేమో చూడవలెను. పైపుల వద్ద తడి ఉన్నచో డీజిలు కారుచున్నది.

నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో డ్రైవరును తీసివేయబోయిరి. తీరా చూడగా తేడా మీటరుదే.