దూరాన్ని దగ్గర చేసే గొట్టం

శీతాకాలం రాగానే ఒడిశా తీరంలోని చిల్కా సరస్సుకు లక్షలాది పక్షులు వలస వస్తాయి. సైబీరియా నుంచి, మంగోలియా నుంచి, హిమాలయాల ఆవలి నుంచి అవి ఇక్కడికి చేరుతాయి. సరస్సుకు ఉత్తరపు అంచున మంగళజోడి అనే ఊరుంది. దాని పక్కనే రెల్లు, తుంగ పెరిగిన చిత్తడి నేల. ఒకప్పుడు ఆ ఊళ్లో చాలామంది పక్షుల వేటతో బతికేవారు. 2000 సంవత్సరంలో వారిలో కొందరు వేట మాని, పక్షుల రక్షణ కోసం ఒక సమితిగా ఏర్పడ్డారు. నాటి వేటగాళ్లే నేడు పడవలు నడుపుతూ వచ్చినవారికి పక్షులను చూపిస్తున్నారు.

పక్షి ఎంత దగ్గరగా ఉంటే వేటగాడికి అంత లాభం. చూడవచ్చిన వారి సంగతి వేరు. పడవ మరీ దగ్గరికి పోతే గుంపంతా ఒక్కసారిగా లేచిపోతుంది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షి తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాలి. బెదిరి లేచిన ప్రతిసారీ ఆ కూడబెట్టుకున్నదే ఖర్చవుతుంది. కాబట్టి మనిషి దూరంగానే ఉండాలి, చూపు మాత్రం దగ్గరికి పోవాలి. అందుకు పనికివచ్చే సాధనమే స్పాటింగ్ స్కోప్.

ఇది ఒంటి కన్నుతో చూసే దుర్భిణి. మెడలో వేసుకునే రెండు కళ్ల దుర్భిణి సాధారణంగా 8 లేక 10 రెట్లు పెద్దది చేసి చూపుతుంది. స్పాటింగ్ స్కోప్ 20 నుంచి 60 రెట్ల వరకు చూపుతుంది. 300 మీటర్ల దూరంలోని పక్షిని 30 రెట్లతో చూస్తే, అది 10 మీటర్ల దూరంలో ఉన్నట్లే కనిపిస్తుంది. పెద్దబాతు తెల్లని తల వెనుక ఉన్న రెండు నల్ల గీతలను అప్పుడు లెక్కపెట్టవచ్చు. శాస్త్రజ్ఞులు కొన్ని పక్షుల కాళ్లకు గుర్తులున్న రంగు పట్టీలు తొడిగి వదులుతారు. ఆ పట్టీ మీది అక్షరాలను స్కోప్‌తో చదివితే, పక్షిని మళ్లీ పట్టుకోకుండానే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. దుర్భిణి చేసే మేలైన పనుల్లో ఇదొకటి.

గొట్టం ముందు భాగంలో పెద్ద వస్తుకటకం, కన్ను పెట్టే చోట చిన్న అక్షికటకం ఉంటాయి. ఈ రెండే ఉంటే బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. నక్షత్రాలకైతే తలా కాళ్లా లేవు గనుక చిక్కు లేదు. కొంగ తలకిందులుగా కనబడితే ఏం బాగుంటుంది? అందుకే స్కోప్ లోపల గాజు పట్టకాలు అమర్చి బొమ్మను నిలువుగా తిప్పుతారు.

స్కోప్ మీద 20-60×80 అని రాసి ఉంటుంది. మొదటి రెండు అంకెలు అది ఎన్ని రెట్లు పెంచి చూపుతుందో చెబుతాయి. చివరి అంకె వస్తుకటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. 80ని 20తో భాగిస్తే 4 వస్తుంది. అంటే కంటికి చేరే కాంతి కట్ట వెడల్పు 4 మిల్లీమీటర్లు. 60తో భాగిస్తే ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. అందువల్ల రెట్లు పెంచేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. కొత్తగా చూసేవారు ముందుగా 60కి తిప్పుతారు, ఏమీ కనబడక విసుగుపడతారు. 20 దగ్గర పక్షిని వెతికి పట్టుకుని, తరువాత నెమ్మదిగా పెంచడం సరైన పద్ధతి.

రెట్లు పెరిగితే వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. కాబట్టి మూడుకాళ్ల స్టాండు లేనిదే స్కోప్ పనికిరాదు. కదిలే పడవలో స్టాండు కూడా చాలదు. గట్టు మీద గాని మంచె మీద గాని నిలబెట్టాలి. నడి మధ్యాహ్నం నీటి మీద వేడిగాలి లేచి బొమ్మ అలలలాగా ఆడుతుంది. ఎంత ఖరీదైన కటకమైనా దానిని ఆపలేదు. తెల్లవారుజామే మంచి సమయం.

స్కోప్‌తో ఫోటో తీయడం కూడా నేర్చుకోదగిన పనే. అక్షికటకానికి కెమెరాను ఆనించి ఫోటో తీసే ఈ పద్ధతిని 1999లో మలేసియాకు చెందిన లారెన్స్ పో ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పుడు సెల్‌ఫోను చాలు. ఫోను కటకం సరిగ్గా అక్షికటకం నడుమకు రావాలి. కొంచెం పక్కకు జరిగినా బొమ్మ చుట్టూ నల్లని నీడ పడుతుంది. మీట నొక్కగానే గొట్టం కదులుతుంది గనుక, రెండు సెకన్లు ఆగి ఫోటో తీసేలా ఫోనును అమర్చుకోవాలి.

చీకటి పడిన తరువాత ఇదే గొట్టాన్ని ఆకాశం వైపు తిప్పవచ్చు. దుర్భిణితో ఆకాశాన్ని చూడడం తెలుగువారికి కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగడాన్ని అక్కడి నుంచి పరిశీలించారు.

సూర్యుణ్ణి మాత్రం స్కోప్‌తో ఎన్నడూ చూడరాదు. 80 మిల్లీమీటర్ల కటకం మామూలు కంటిపాప కంటె వంద రెట్లకు పైగా కాంతిని పోగుచేస్తుంది. కంటి లోపలి తెరకు నొప్పి తెలియదు. కాలిపోయిన తరువాత గాని సంగతి తెలియదు, పోయిన చూపు తిరిగి రాదు. పగటివేళ పక్షిని వెతుకుతూ గొట్టం తిప్పేటప్పుడు సూర్యుడు ఎటు ఉన్నాడో ముందే చూసుకోవాలి.

చంద్రుణ్ణి పౌర్ణమినాడు కాక సప్తమి, అష్టమి రోజుల్లో చూడాలి. వెలుగు నీడలు కలిసే గీత వెంట గుంతల అంచులు నీడలు పరచి స్పష్టంగా కనిపిస్తాయి. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలలో మామూలు కంటికి ఆరేడు చుక్కలు కనబడితే, 20 రెట్లలో డజన్ల కొద్దీ కనిపిస్తాయి. గురుగ్రహం పక్కన నాలుగు చుక్కలు ఒకే వరుసలో ఉంటాయి. 1610 జనవరిలో గెలీలియో సుమారు 20 రెట్ల దుర్భిణితో కనిపెట్టిన ఉపగ్రహాలు ఇవే. రేపు చూస్తే వాటి చోట్లు మారి ఉంటాయి.

ఆ ఏడాదే శనిని చూసిన గెలీలియోకు మూడు గోళాలు పక్కపక్కనే ఉన్నట్లు తోచింది. 1612లో పక్కవి రెండూ కనబడకుండా పోయాయి. అది వలయమనీ, అంచు మన వైపు తిరిగినప్పుడు కనబడదనీ 1659లో హైగెన్స్ వివరించాడు. 2025 మార్చిలోనూ వలయం అలాగే అంచు తిప్పింది. అప్పటినుంచి అది మళ్లీ నెమ్మదిగా విచ్చుకుంటోంది. 40 రెట్లు దాటితే అది వలయమని గుర్తుపట్టవచ్చు. అయితే త్వరగా చూడాలి. భూమి తిరుగుతుండడం వల్ల ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతుంది. 60 రెట్ల దగ్గర కనబడే వెడల్పే సుమారు ఒక డిగ్రీ. వరుసలో నలుగురు పిల్లలుంటే, నాలుగోవాడి వంతు వచ్చేసరికి శని గొట్టంలో ఉండదు.

అభ్యాసం

1. 25-50×65 అని రాసిన స్కోప్‌లో కంటికి చేరే కాంతి కట్ట వెడల్పు ఎక్కువలో ఎక్కువ ఎంత? తక్కువలో తక్కువ ఎంత?
2. పక్షుల గుంపును ఊరికే లేపడం వల్ల వాటికి కలిగే నష్టమేమిటి? సొంత మాటల్లో రాయండి.
3. మీ ఊరి చెరువుకు ఏ నెలలో ఏ పక్షులు వస్తాయో పెద్దలను అడగండి. వాటిని తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను ఏమని పిలుస్తారో తెలుసుకుని రాయండి.