అక్షరం మెదడులో ఎక్కడ కూర్చుంటుంది?

మన ఇళ్లలో ఆరేళ్ల పిల్లవాడు ఒక్కరోజులో మూడు లిపులు చూస్తాడు. పొద్దున్నే మక్తబ్‌లో ఖాయిదా తెరిస్తే వేలు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. తొమ్మిది దాటాక బడిలో తెలుగు వాచకం తెరిస్తే అదే వేలు ఎడమ నుంచి కుడికి నడవాలి. మధ్యాహ్నం ఇంగ్లీషు. ఇంట్లో అమ్మతో మాట్లాడేది ఉర్దూ. ఇంత పని చేస్తున్న పిల్లవాడు రెండో తరగతిలో నాలుగు అక్షరాలు తప్పు రాస్తే, "వీడికి దిమాగ్ లేదు మేడమ్" అని తల్లులు నాతో అంటూ ఉంటారు. ఆ దిమాగ్ లోపల అసలేం జరుగుతుందో మన దాతలకు కొంచెం వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. చదువు కోసం మీరిచ్చే రూపాయి చివరికి పని చేయాల్సిన చోటు అదే కదా.

మా బి.ఎడ్. పుస్తకాల్లో సంవేదన, ప్రత్యక్షం, అవధానం, అభ్యసనం అని నాలుగు మాటలు ఉండేవి. కంటికి వెలుగు తగలడం సంవేదన. తగిలినది ఫలానా వస్తువు అని తెలియడం ప్రత్యక్షం. ఒకేసారి వచ్చిపడే వందల సంకేతాల్లో ఒకదాన్ని పట్టుకుని నిలవడం అవధానం. పట్టుకున్నది లోపల నిలిచిపోవడం అభ్యసనం. పరీక్ష కోసం వాటిని నాలుగు అధ్యాయాలుగా చదివాం. మెదడులో అవి నాలుగు గదులుగా లేవు. దాదాపు 1,400 గ్రాముల ఆ ముద్దలో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక్కొక్కటి వేలాది ఇతర కణాలతో కలిసి ఉంటుంది. తరచుగా కలిసి పనిచేసే కణాల మధ్య బంధం గట్టిపడుతుంది, వాడనిది సన్నబడుతుంది. కాలిబాట పడినట్టే.

చూపు సంగతి తీసుకుందాం. కంటి వెనుక ఉండే రెటీనా నుంచి సంకేతం మెదడు మధ్యలోని థాలమస్‌కు, అక్కడి నుంచి తల వెనుక భాగానికి, అంటే పడుకున్నప్పుడు దిండుకు ఆనే చోటికి చేరుతుంది. అక్కడ గీతలు, అంచులు, వంపులు విడివిడిగా గుర్తింపు పొందుతాయి. అక్కడి నుంచి రెండు దారులు. నడినెత్తి వైపు వెళ్లేది ఆ వస్తువు ఎక్కడుందో, దాన్ని ఎలా అందుకోవాలో చూస్తుంది. చెవి వెనుకగా కిందికి వెళ్లేది అదేమిటో తేలుస్తుంది. ముఖాలు, ఇళ్లు, పనిముట్లు గుర్తుపట్టేది ఈ కింది దారిలోనే. అక్షరానికి చోటు దొరకాల్సిందీ అక్కడే.

దొరకాల్సింది అని ఎందుకన్నానంటే, పుట్టుకతో ఆ చోటు సిద్ధంగా ఉండదు. మనిషి మాట్లాడడం మొదలై ఎన్నో వేల ఏళ్లయింది. రాత పుట్టి 5,000 ఏళ్లు దాటి ఉంటుంది, అంతే. చదవడం కోసం ప్రత్యేకంగా ఒక భాగం మెదడులో ఏర్పడడానికి ఆ కాలం చాలదు. అందువల్ల ప్రతి పిల్లవాడూ వేరే పనికి ఉన్న కణాలను అక్షరాల పనికి మళ్లించుకోవాలి. మాట నేర్చుకోవడానికి ఇంట్లో నలుగురు మాట్లాడుతుంటే చాలు. చదువు అలా రాదు, ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి.

ఈ సంగతి మొదట బయటపడింది ఒక రోగి వల్ల. 1887లో పారిస్‌లో బాగా చదువుకున్న ఒక వ్యాపారికి ఉన్నట్టుండి అక్షరాలు తెలియకుండా పోయాయి. చూపు ఉంది, మాట ఉంది, మనుషుల్ని గుర్తుపడుతున్నాడు, అంకెలు చదివి లెక్కలు కూడా చేస్తున్నాడు. చెబితే రాయగలడు. కానీ తను రాసిందే తను చదవలేడు. అక్షరం మీద వేలితో దిద్దుకుంటే మాత్రం అదేమిటో తెలిసేది! జ్యూల్ డెజెరిన్ అనే వైద్యుడు ఆయన్ని పరీక్షించి, చనిపోయాక మెదడును పరిశీలించి, ఎడమ వైపు వెనుక భాగంలో దెబ్బ ఉందని 1892లో ప్రకటించాడు. వందేళ్ల తర్వాత, 2000 ప్రాంతంలో, లారెంట్ కోహెన్, స్టానిస్లాస్ డెహేన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు స్కానింగు సాయంతో మెదడు ఎడమ పక్క అడుగున మాటల రూపాన్ని గుర్తుపట్టే చిన్న ప్రాంతాన్ని చూపారు. అరబీ అయినా, చైనా లిపి అయినా, ఇంగ్లీషు అయినా దాదాపు అదే చోటు పనిచేస్తుంది. కుడి నుంచి చదివామా, ఎడమ నుంచి చదివామా అన్నదానితో పెద్దగా పని లేదు. అంధులు బ్రెయిలీని వేళ్లతో చదువుతున్నప్పుడు కూడా అక్కడే చురుకుదనం కనిపించింది. మూడు లిపులు పిల్లవాడి తలను గందరగోళం చేస్తాయేమో అని భయపడే తల్లిదండ్రులకు ఇంతకంటే ధైర్యమిచ్చే మాట లేదు.

ఇక్కడ ఇబ్నుల్ హైసమ్‌ను తలుచుకోకుండా ముందుకు వెళ్లలేను. బస్రాలో పుట్టి, కైరోలో పనిచేసి, 11వ శతాబ్దం తొలినాళ్లలో 'కితాబుల్ మనాజిర్' రాసిన పండితుడు. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని చాలామంది నమ్ముతున్న కాలంలో, వెలుగే వస్తువు నుంచి కంటిలోకి వస్తుందని ఆయన నిరూపించాడు. అది మన పిల్లల పాఠ్యపుస్తకాల్లోకీ వచ్చింది. ఆయన అంతటితో ఆగలేదని చాలామందికి తెలియదు. చూడడం వేరు, గుర్తుపట్టడం వేరు అన్నాడు. అందుకు ఆయన ఇచ్చిన ఉదాహరణ 'అబ్జద్' అనే మాట. చదువు వచ్చినవాడు ఆ మాటను అక్షరం అక్షరం పరీక్షించకుండా, మొత్తం రూపాన్ని బట్టి చూడగానే పోలుస్తాడని, ఎన్నోసార్లు చూసిన అలవాటు వల్ల అది సాధ్యమవుతుందని వివరించాడు. స్కానింగు యంత్రం లేకుండా, వెయ్యేళ్ల కిందట!

అలవాటు పడకముందు పిల్లవాడి అవస్థ వేరు. మేక కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా మేకే. ప్రకృతిలో ఏ వస్తువైనా అంతే గనుక, మెదడు పుట్టుకతోనే కుడి ఎడమల తేడాను పట్టించుకోదు. అక్షరాల దగ్గర మాత్రం ఆ తేడా పట్టించుకోవాలి: ఇంగ్లీషు చిన్నబడి బి తిరగబడితే డి. అందుకే అయిదారేళ్ల పిల్లలు అక్షరాలను అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తారు. ఏ దేశంలోనైనా రాస్తారు. అది మొద్దుతనం కాదు, తిప్పి రాసినందుకు చెయ్యి వాయించే పని అంతకన్నా లేదు. అలాగే ఉర్దూలో బే, పే, తే, సే అన్నింటికీ పడవ ఒకటే, నుక్తాలే తేడా. తెలుగులో ద, ధ, థ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చిన్న గీత, ఒక చుక్క. ఆ చుక్క మీద కన్ను నిలపాలంటే ముందు ఆ చుక్క కనబడాలి కదా.

మా బడిలో నాలుగో తరగతి అమ్మాయి ఒకతె బోర్డు మీది లెక్కలు ఎప్పుడూ పక్కపిల్ల నోటుబుక్కులో చూసి ఎక్కించుకునేది. కాపీ కొడుతుందని పిల్లలంతా నవ్వేవారు. కంటి పరీక్ష చేయిస్తే దూరపు చూపు లేదని తేలింది. కళ్లజోడు పెట్టుకున్న వారానికి, చెట్టుకు ఆకులు విడివిడిగా ఉంటాయని నాకు చెప్పింది.

ఆ అమ్మాయికి కళ్లజోడు సరిపోయింది. అన్నిటికీ అది సరిపోదు. డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కన్ను తొలి వారాల్లో మూసి ఉంచి, తర్వాత తెరిచి చూశారు. కన్ను చక్కగా ఉంది. మెదడులో ఆ కంటికి జవాబిచ్చే కణాలు దాదాపు లేవు. తెరిచి ఉన్న కన్ను వాటిని లాక్కుంది. పెద్దపిల్లికి అదే చేస్తే ఏమీ కాలేదు. 1981 నోబెల్ బహుమతిలో వారికి వాటా దక్కింది. పిల్లల్లో 'లేజీ ఐ' అనే లోపం ఇలాంటిదే. ఏడేళ్ల లోపు పట్టుకుంటే చికిత్స బాగా పనిచేస్తుంది, ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. ఒక కన్ను బాగానే కనబడుతుంది గనుక పిల్లవాడు ఫిర్యాదు చేయడు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

అలాగని వయసు దాటినవారి మీద ఆశ వదులుకోనక్కర్లేదు. లక్నో చుట్టుపక్కల గ్రామాల్లో, చదువు రాని ముప్ఫై ఏళ్ల ప్రాంతపు పెద్దలకు, వారిలో ఎక్కువమంది స్త్రీలకు, ఆరు నెలలు హిందీ చదవడం నేర్పి ముందూ వెనుకా మెదడు స్కానింగు తీశారు. 2017లో అచ్చయిన ఆ పరిశోధనలో, పైపొరకూ లోపలి థాలమస్ వంటి భాగాలకూ మధ్య అనుసంధానం పెరిగినట్టు కనిపించింది. మన బస్తీల్లో సాయంత్రం అక్షరాలు దిద్దే అమ్మలు, నానమ్మలు ఈ మాట వినాలి. కంటికి గడువు ఉంది, చదువుకు అంత కఠినమైన గడువు లేదు.

చెవి గురించి ఎవరూ అడగరు. చదవడమంటే కంటి దారిని, మాటలు వినే దారితో కలపడమే. ఎడమ చెవికి కాస్త పైన లోపల శబ్దాలను విడదీసే భాగం ఉంది. క, ఖ తేడా, ప, బ తేడా అక్కడ తేలాలి. జలుబు చేసినప్పుడల్లా చెవి లోపల నీరు చేరే పిల్లలకు కొన్ని వారాలపాటు శబ్దం మందంగా వినబడుతుంది. పిలిస్తే పలుకుతారు గనుక వినికిడి బాగానే ఉందనుకుంటాం. తేడా వినబడని శబ్దానికి తేడా గల అక్షరం ఎలా అతుక్కుంటుంది?

ఇక అవధానం. ఇది చాలా ఇరుకైన ద్వారం. 1999లో అచ్చయిన ఒక ప్రయోగంలో, బంతాట వీడియోలో తెల్లచొక్కాల వాళ్లు బంతి ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసిన మనిషి నడిచి వెళితే చూసినవారిలో సుమారు సగం మందికి కనబడనే లేదు. మన అష్టావధాని కూడా ఎనిమిది పనులూ ఒక్క క్షణంలో చేయడు; ఒకటి విడిచి మరొకటి పట్టుకుంటాడు, విడిచినదాన్ని మరిచిపోడు, అదీ ఆయన ఘనత. ఈ పట్టు నడిపించేది ముఖ్యంగా నుదుటి వెనుక భాగం. అది పూర్తిగా పక్వం కావడానికి పాతికేళ్లు పడుతుంది. ఏడేళ్ల వాడిని "ఏకాగ్రత లేదు" అని తిట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. వాడికి బయటి సాయం కావాలి, అంటే ముందుగా నిశ్శబ్దం కావాలి.

నిశ్శబ్దం విలువకు కొలత ఉంది. న్యూయార్కులో ఒక బడి పక్కనే వంతెన మీద రైళ్లు పోయేవి. రైలు వైపు గదుల్లో చదివిన పిల్లలు, అదే బడిలో అవతలి వైపు ప్రశాంతమైన గదుల్లో చదివిన పిల్లల కన్నా చదవడంలో వెనుకబడ్డారని అర్లీన్ బ్రాంజాఫ్ట్ 1975లో చూపారు. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ తేడా దాదాపు ఏడాది. తర్వాత పట్టాల కింద రబ్బరు వేశారు, గదుల కప్పులకు చప్పుడు పీల్చే పలకలు బిగించారు. 1981లో మళ్లీ పరీక్షిస్తే తేడా పోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు మన గల్లీల్లోని ఒంటిగది ఇళ్లు గుర్తొస్తాయి: టీవీ, కుట్టుమిషను, వీధిలో ఆటోలు, వాటి మధ్య హోంవర్కు.

చివరిది, నిలవడం. 1953లో అమెరికాలో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే యువకుడికి ఆపరేషన్ చేసి, మెదడు లోపల రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త సంగతులు దాదాపు ఏవీ గుర్తుండలేదు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం నేర్పితే, రోజురోజుకూ చెయ్యి మెరుగైంది. నిన్న గీసినట్టు మాత్రం ఆయనకు తెలియదు! సంగతులు గుర్తుండే దారి వేరు, చేతి అలవాటు పడే దారి వేరని బ్రెండా మిల్నర్ దీనితో తేల్చారు. చదువుకు రెండూ కావాలి. అక్షరాలు కూడబలుక్కోవడం అలవాటుగా మారకపోతే, పిల్లవాడి అవధానమంతా అక్షరాల మీదే ఖర్చయిపోయి అర్థానికి మిగలదు. అయిదో తరగతి లెక్కలో తప్పేవాడు చాలాసార్లు లెక్కలో తప్పడు, లెక్క చదవడంలోనే తప్పుతాడు.

అలవాటు పడడానికి మన హిఫ్జ్ ఉస్తాదులు పాటించే పద్ధతికి నేను చాలా విలువ ఇస్తాను. కొత్త సబఖ్, మొన్నమొన్నటి సబ్ఖీ, పాత మంజిల్, మూడూ ప్రతిరోజూ చూడకుండా ఒప్పజెప్పాలి. 2006లో రోడిగర్, కార్పిక్ అమెరికా విద్యార్థులతో చేసిన ప్రయోగం ఇదే చెప్పింది: మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారు వారం తర్వాత ముందున్నారు. ఈ పద్ధతిని తెలుగు పాఠానికీ, ఎక్కాలకూ ఎందుకు వాడుకోమో నాకు అర్థం కాదు.

ఇప్పుడు డబ్బు మాట. మన సాయంలో ఎక్కువ భాగం పదో తరగతి మార్కులకు బహుమతులుగా, ఇంటర్ ఫీజులుగా వెళుతోంది. ఇవ్వవలసిందే. అయితే ఆ వేదిక దాకా రాకుండా ఆగిపోయిన పిల్లలు ఒకటి నుంచి మూడో తరగతి మధ్యలోనే ఆగారు. ఈ మధ్య దాతలు స్మార్ట్ టీవీలు ఇవ్వడానికి ఉత్సాహపడుతున్నారు. దాని మీద పేరు రాయొచ్చు, కళ్లజోడు మీద రాయలేం, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. నన్నడిగితే మాత్రం, మొదటి మూడు తరగతుల పిల్లలకు కళ్లు, చెవులు చూపించడం. బస్తీకి ఒక హాలు, సాయంత్రం రెండు గంటలు, చాపలు, మంచి లైటు, మూసుకునే తలుపు. డిగ్రీ చదువుకుని ఇంట్లో ఉన్న మన అమ్మాయిల్లో ఒకరికి నెల జీతం. ఆమె పని ఒక్కో పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని రోజూ పది నిమిషాలు పైకి చదివించడం. ట్యూషన్ కాదు, హోంవర్కు చేయించడం కాదు.

కంటి పరీక్ష జూన్‌లో బడి తెరిచిన పదిహేను రోజుల్లో జరగాలి. డిసెంబరు క్యాంపులో జోడు వస్తే సగం సంవత్సరం పోయినట్టే. పెరిగే పిల్లలకు నంబరు మారుతుంది, ఫ్రేములు విరుగుతాయి. లెక్క వేసేటప్పుడు పిల్లకు ఒక జోడు కాకుండా ఏడాదికి రెండు అని వేసుకోండి.